కొండను కోసిన వాగుకు మన మాటేమిటి?

సందేహం: అమెరికాలోని యూటా, అరిజోనా రాష్ట్రాల్లో పారే పరీయా నది గురించి రాస్తూ ‘సెలయేరు లోతైన లోయలో ప్రవహిస్తుంది’ అన్నాను. అలాంటి చోటును ఇంగ్లిషులో కాన్యన్ అంటారు, దానికి లోయ కాదు, గండి అనాలని ఒక మిత్రుడు తప్పు పట్టాడు. గండి అంటే చెరువుకట్ట తెగడం కదండీ?

సమాధానం: మీ మిత్రుడిదే ఒప్పు. కట్ట తెగితే గండి పడిందంటాం, నిజమే. అయితే నీళ్లు కోసుకుని దారి చేసుకున్నాక, అది మట్టికట్ట అయినా రాతికొండ అయినా గండే. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోట కట్టారు కనుకే అది గండికోట. పాపఘ్ని కొండలు దాటే చోట వెలసిన స్వామి గండి ఆంజనేయుడు. కడప జిల్లావాళ్లకు ఈ మాట కొత్తగా నేర్పక్కర్లేదు. లోయ అంటే కొండల నడుమ పల్లం, అందులో ఊళ్లూ పొలాలూ కూడా ఉండొచ్చు. కనుమ మనుషులు దాటే దారి.

మీ పరీయా గండి గోడల్లో చాలావరకు నవాహో ఇసుకరాయి. సుమారు 19 కోట్ల ఏళ్ల కిందటి ఎడారి దిబ్బలే గట్టిపడి ఆ రాయి అయ్యాయి. గోడ మీద ఏటవాలుగా కనిపించే సన్నని చారలు అప్పటి గాలి పేర్చిన ఇసుక పొరలు, ఎరుపేమో ఇనుము తుప్పు. అంటే ఇవాళ్టి ఎడారిలో పారే వాగు నాటి ఎడారిని కోస్తోందన్నమాట!

వాగు అన్నాను, గమనించారా? సెలయేరు అనగానే గులకరాళ్ల మీద గలగలమనే తేటనీరు గుర్తొస్తుంది. పరీయా అనే మాట అక్కడి ఆదివాసులైన పైయూట్‌లది, దానికి బురదనీళ్లని అర్థం చెబుతారు. మామూలు రోజుల్లో చాలాచోట్ల చీలమండ లోతే. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఎగువన ఎక్కడో ఉరుముల వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వరద వచ్చి మీద పడుతుంది. మన వాగుల తీరూ అదే కదా. దీంట్లో కలిసే బక్‌స్కిన్ గల్చ్ అనే ఇరుకు పాయకైతే రాయలసీమవాళ్ల వంక సరిపోతుంది, వానొస్తేనే పారుతుంది కాబట్టి. (పేరుకు వంక పెట్టకండి!) చేతులు చాపితే రెండు గోడలూ తగిలే చోట్లున్నాయి అందులో. తలెత్తి చూస్తే, ఎప్పటి వరదో తెచ్చి ఇరికించిన మానులు గోడల మధ్య అడ్డంగా ఉంటాయి.

క్రియ దగ్గరా ఒక మాట. ‘వాగు కొండకు గండి కొట్టింది’ అనొద్దు. గండి కొట్టేది మనుషులు, అదీ రాత్రిపూట, పక్కవాడి కాలువకు. వాగు కొండను కోసుకుంటుంది, ఒరుసుకుంటుంది.

చివరికి అరిజోనాలోని లీస్ ఫెర్రీ దగ్గర ఇది కొలరాడో నదిలో కలుస్తుంది. ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఒండ్రునంతా ఆపేస్తుంది కనుక అక్కడి కొలరాడో సాధారణంగా తేటగా, చల్లగా ఉంటుంది. వరదరోజున దాని పక్కన పరీయా నీళ్లు వేరే రంగులో చారగా కనిపిస్తాయి. గోదావరివాళ్లకు చూపిస్తే ఎర్రనీళ్లు తగిలాయంటారు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘పరీయా వాగు ఇసుకరాతిని కోసుకుంటూ ఇరుకైన గండిలో పారుతుంది.’