రాళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ముందు గీయండి

ప్రశ్న: చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ స్లాబులు పాలిష్ చేసి, సైజుకు కోసి పంపే యూనిట్ మాది. రోజుకు 110 స్లాబులు పంపాలి. పాలిషింగ్ మిషన్ 150 తీస్తుంది. అయినా రోజూ ఓవర్‌టైమ్ తప్పడం లేదు, ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి. ఇంకో పాలిషింగ్ మిషన్ కొనాలా? లీన్ మ్యాపు (సరుకు ఏ పని దాటి ఏ పనికి వెళ్తోందో, ఎక్కడ ఆగి వృథా అవుతోందో చూపే బొమ్మ) గీయమంటున్నారు, ఎలా?
– ఒక యజమాని, చీమకుర్తి

జవాబు: మిషన్ కొనకండి. 150 తీసే మిషన్ పక్కన ఇంకోటి పెడితే ఎడ్జ్ కటింగ్ (అంచులను సైజుకు కోసే పని) ముందు స్లాబుల గుట్ట పెరుగుతుంది, అంతే.

మ్యాపు లోడింగ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ గీయండి: ప్యాకింగ్, ఎడ్జ్ కటింగ్, పాలిషింగ్, బ్లాకు కటింగ్. ప్రతి చోటా స్లాబుకు పట్టే సమయం, సైజు మారినప్పుడు సెట్టింగు సమయం, ముందు ఆగివున్న స్లాబుల సంఖ్య రాయండి. రిజిస్టరు చూసి రాయొద్దు, వాచీతో కొలవండి. రిజిస్టరులో ఎన్ని తయారయ్యాయో ఉంటుంది గానీ ఎంతసేపు ఆగాయో ఉండదు. ఆగిన స్లాబులను 110తో భాగిస్తే రోజులు వస్తాయి: ఎడ్జ్ కటింగ్ ముందు 330 ఉంటే, అక్కడికి వచ్చిన స్లాబు మూడు రోజులు ఊరికే నిలబడినట్టే.

8 గంటల షిఫ్టులో విరామాలకు 40 నిమిషాలు పోతే మిగిలేది 440. అంటే స్లాబుకు 4 నిమిషాలు. మీ కొలతలో ఎడ్జ్ కటింగ్‌కు మూడున్నరే పడిందనుకోండి, సరిపోతుందనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. 110 స్లాబులకు 385 నిమిషాలు; రోజుకు మూడుసార్లు సైజు మారుస్తూ ఒక్కో సెట్టింగుకు 35 చొప్పున పోతే ఇంకో 105. మొత్తం 490. మీ ఓవర్‌టైమ్ ఆ 50 నిమిషాలే కావచ్చు.

కాబట్టి సెట్టింగు మీద పడండి. బ్లేడు, పానాలు, తర్వాతి సైజు కొలతలు మిషన్ ఆడుతుండగానే పక్కన సిద్ధం చేయించండి. మిషన్ ఆపితే తప్ప కుదరని పనే ఆపాక చేయాలి. 35ను 15కి దించితే మొత్తం 430, షిఫ్టులోనే అయిపోతుంది.

గుట్ట సంగతి. ఎడ్జ్ కటింగ్ ముందు 110 స్లాబులకే స్టాండ్లు ఉంచి మిగతావి తీసేయండి. అవి నిండితే పాలిషింగ్ ఆగాలి. మిషన్ ఖాళీగా ఉందని సూపర్‌వైజర్ ఒప్పుకోడు, మీరు గట్టిగా నిలబడాలి. టయోటా కార్ల కంపెనీలో ఈ లీన్ పద్ధతికి పునాది వేసిన తైచీ ఓనో ఏడు రకాల వృథాల్లో అవసరానికి మించి తయారుచేయడాన్నే అన్నిటికన్నా చెడ్డదన్నాడు, మిగతా వృథాలను అది దాచేస్తుంది గనుక.

పగుళ్లు ప్యాకింగ్ దగ్గర బయటపడుతుంటే తనిఖీని పాలిషింగ్ కంటే ముందుకు తెండి. స్లాబును తడిపి ఆరనివ్వండి. పగులున్న చోట గీత తడిగానే మిగులుతుంది. లేకపోతే పగిలిన రాయికి కరెంటూ పాలిష్ రాళ్లూ ఖర్చుపెట్టినట్టే.

ప్రశ్న: మా రైస్ మిల్లుకు మ్యాపు గీయాలంటే సాఫ్ట్‌వేర్ కావాలా?
– కోవూరు పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. పెద్ద కాగితం, పెన్సిలు, రబ్బరు చాలు. గుమాస్తా ఆఫీసులో కూర్చుని గీస్తే పనికిరాదు. ఆపరేటర్లను వెంటబెట్టుకుని ధాన్యం లారీ నిలిచే చోటు దాకా నడవండి.