సమాధానం: మారథాన్ పోటీలో 32వ కిలోమీటరు దగ్గర ముందు గుంపు చేజారుతోందన్న ప్రశ్నకు

పోటీదారు వేగం పెంచిన ప్రతిసారీ మీరు ఆ క్షణంలోనే బదులిస్తుండటం వల్ల, కండరాల్లోని గ్లైకోజెన్ (పరుగుకు ఇంధనమయ్యే పిండిపదార్థం) నిల్వ ముందే కరిగిపోయి, 32వ కిలోమీటరు తర్వాత వచ్చే అసలు దూకుడుకు కాళ్లలో శక్తి మిగలకపోయి ఉండవచ్చు.

1. 30 కిలోమీటర్ల లోపు ఎవరు విడివడినా మీ వేగం మార్చకండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ముందు గుంపుతో ఏర్పడిన దూరాన్ని ఒక్క ఊపులో కాకుండా, శ్వాస లయ చెదరకుండా, ఒకటి రెండు కిలోమీటర్ల మేర కొద్దికొద్దిగా పూడ్చాలి. 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల మారథాన్‌లో నెదర్లాండ్స్ రన్నర్ సిఫాన్ హసన్ ఎత్తుల మీద వెనకబడినా మళ్లీ గుంపును అందుకొని, చివర్లో ఇథియోపియా రన్నర్ టిగ్‌స్ట్ అసెఫాను 3 సెకన్ల తేడాతో ఓడించారు. ఆ ముగింపు వేగం అందరికీ ఉండదు గానీ, ఆ ఓపికను మాత్రం అలవరచుకోవచ్చు.

3. అందుకు, సుదీర్ఘ పరుగులోని చివరి 8 కిలోమీటర్లలో అప్పుడప్పుడు ఒక నిమిషం వేగం పెంచి, ఆ వెంటనే జాగింగ్‌కు దిగకుండా పోటీ వేగానికే తిరిగి రండి.

4. ఎనర్జీ జెల్‌ను (పరుగు మధ్యలో శక్తి కోసం తీసుకునే చక్కెర గుజ్జు) నీరసం తెలిశాక కాక, మొదటి గంటలోపే మొదలుపెట్టండి.