పద్దెనిమిది మందికి నేనొక్కదాన్నే

ప్రశ్న: అక్కా, నేను స్టాఫ్ నర్సుని, ఆరేళ్ల సర్వీసు. మా వార్డులో ఇద్దరు మానేశారు, వాళ్ల ప్లేస్‌లో ఎవర్నీ తీసుకోలేదు, నైట్ డ్యూటీలో పద్దెనిమిది మంది పేషెంట్లకి నేనొక్కదాన్నే. మంచం మీదున్న ఒక పెద్దాయన్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, మొన్న కుదర్లేదు, తెల్లారి చూస్తే నడుం కింద చర్మం ఎర్రగా కందిపోయింది. ఇంటికొచ్చి ఏడ్చేశా. నేనే స్లోనా? మానేద్దామనిపిస్తోంది.

జవాబు: స్లో కాదమ్మా, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. ఒక్కొక్కరి దగ్గర పది నిమిషాలే ఉన్నా పద్దెనిమిది మందికి ఒక రౌండ్ అయ్యేసరికి మూడు గంటలు, ఆయన్ని తిప్పాల్సిందేమో రెండు గంటలకోసారి, మరి సెలైన్లు, ఇంజెక్షన్లు, చార్టులు, మధ్యలో ఎవరికైనా ఆయాసమొస్తే అన్నీ వదిలేసి పరిగెత్తడం, ఇవన్నీ ఎప్పుడు చేస్తావు?

2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ టీమ్ అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రుల మీద చేసిన స్టడీలో, నర్సుకి ఒక్క పేషెంట్ ఎక్కువైతే ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే రిస్క్ 7 శాతం, నర్సులు పూర్తిగా అలిసిపోయే రిస్క్ 23 శాతం పెరుగుతున్నట్టు తేలింది. నీకేమో పద్దెనిమిది మంది! ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2023 నాటికి ప్రపంచం మొత్తమ్మీద 58 లక్షల మంది నర్సులు తక్కువున్నారు. కొత్తవాళ్లని తీసుకుంటే సరిపోతుందంటారు గానీ సీనియర్లు వెళ్లిపోయాక ఆ కొత్తపిల్లకి పక్కనుండి నేర్పేదెవరు, భయపడి ఆమె కూడా మానేస్తే ఆ లోడ్ మళ్లీ మిగిలినవాళ్ల మీదే, నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఇదే.

పెద్దాయన సంగతి హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ దిగుతూ తర్వాతి నర్సుకి అప్పజెప్పేటప్పుడు, చెప్పావా? లేకపోతే ఇవాళే చెప్పు. ఎర్రబడ్డ చోట రుద్దొద్దు, వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, అక్కడ బరువు పడకుండా చూడాలి.

ఇకమీదట ప్రతి డ్యూటీలో ఎంతమంది పేషెంట్లు, ఏ పని మిగిలింది, ఏ టైంకి ఎవరికి చెప్పావు, అన్నీ రాసి ఇన్‌చార్జికి ఇవ్వు, నోటిమాటగా వదిలేయకు. కాలిఫోర్నియాలో నర్సులు ఏళ్ల తరబడి అడగబట్టే 1999లో చట్టమొచ్చింది, 2004 నుంచి ఒక నర్సుకి ఇంతమందే అని లిమిట్ పెట్టారు, ఇప్పుడు మామూలు వార్డులో ఐదుగురు.

మానేయాలా వద్దా అన్నది నైట్ డ్యూటీ దిగి తేల్చుకోకు, రెండ్రోజులు నిద్రపోయాక ఆలోచించు, వేరే వార్డు అడిగి చూడు. ఆ పెద్దాయనకి ఎలా ఉందో మాత్రం మళ్లీ రాయమ్మా.