ఆటిజం ఉందని పిట్టల గ్రూపులో చెప్పాలా?

బొబ్బిలి నుంచి అడిగిన తమ్ముడికి,

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీకు ఆటిజం ఉందని ఈ ఏడాదే డాక్టర్ చెప్పారు. పక్షులంటే మీకు ప్రాణం. రెండేళ్ళుగా ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నారు, మీరు ఏం రాసినా ఎవరో ఒకరు నొచ్చుకుంటున్నారు. వాళ్ళకి సంగతి చెప్పాలా, గ్రూపే వదిలేయాలా అని అడిగారు.

నాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. నాకు 34వ ఏట తెలిసింది, విశాఖ వెళ్ళి చూపించుకుంటే. ఇప్పుడు 41. మీరు చెప్పినలాంటి గ్రూపులోనే ఎనిమిదేళ్ళ బట్టి ఉన్నాను, మధ్యలో నాలుగు నెలలు బయటికి వచ్చేశాను కూడా. నాకు జరిగింది చెప్తాను, అందులో మీకు పనికొచ్చేది తీసుకోండి.

గ్రూపులో చేరిన మొదటి అక్టోబరు అది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు) దిగాయని ఒక పెద్దాయన ఫొటో పెట్టి, కింద ‘మన సైబీరియా అతిథులు వచ్చేశారు’ అని రాశారు. మన జిల్లాలో అందరూ ఆ మాటే అంటారు, చిన్నప్పుడు నేనూ అదే విన్నాను. కానీ గూడబాతూ, దాంతోపాటు అక్కడ గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగా రెండూ మన దేశపు పక్షులే. నీళ్ళూ చేపలూ చూసుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారతాయి, అంతే. ఉత్తరాన చలి దేశాల నుంచి నిజంగా వచ్చే సూదితోక బాతులాంటివి చలికాలం ఇక్కడ గడిపి, గుడ్లు పెట్టడానికి వెనక్కి వెళ్ళిపోతాయి. ఇక్కడ చెట్టెక్కి గూడు కట్టి పిల్లల్ని లేపుతున్న పక్షి సైబీరియాది కాదనడానికి ఆ గూడే సాక్ష్యం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానల్లో వచ్చే నత్తగుల్ల కొంగల సంగతీ ఇంతే.

నాకు ఇదంతా తెలుసు. అందుకని రాశాను: ‘ఇది తప్పు. ఇవి సైబీరియా పక్షులు కావు.’ ఆ తర్వాత కారణాలు వివరిస్తూ వరసగా పదకొండు మెసేజ్‌లు పెట్టాను. ఆనందంగా పెట్టాను. ఆ రోజు సాయంత్రం నాకు ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది, నాకు బాగా తెలిసింది ఒకటి అడక్కుండానే పంచుకునే చోటు దొరికిందని.

నీలం టిక్కులు ఒక్కొక్కటే పడ్డాయి. ఎవరూ ఏమీ రాయలేదు. చాలాసేపటికి ఒకాయన ‘మేడంగారికి అన్నీ తెలుసు’ అని రాశారు. నేను ‘థాంక్యూ అండి’ అన్నాను. మర్నాడు గ్రూపులో ఒకావిడ ఫోన్ చేసి, ‘ఏటమ్మా, అంత పెద్దాయన్ని పట్టుకుని తప్పంటావేటి? ఆయనేటి తప్పు సేసేడు?’ అన్నారు.

ఆ రెండో వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మన భాషలో ‘తప్పు’ అంటే లెక్కలో వచ్చే తేడా కూడా, మనిషి చేసిన నేరం కూడా. నేను మొదటిది రాశాను, వాళ్ళు రెండోది చదివారు. నేను పక్షి గురించి మాట్లాడాను, వాళ్ళకి ఆయన గురించి మాట్లాడినట్టు వినిపించింది. రోజంతా చిట్టా పుస్తకంలో ‘తప్పు’ అని పక్కన రాసి దిద్దుకునే దాన్ని. ఆ మాటతో ఒక మనిషి పరువుకి దెబ్బ తగులుతుందని నాకు తట్టలేదు. ఇప్పుడు ‘పొరపాటు’ అని రాస్తాను, లేదా ‘నేను చదివినదాంట్లో వేరేలా ఉందండీ’ అంటాను. చెప్పే నిజం అదే, ఒక్క అక్షరం తగ్గించలేదు.

అయితే ఇదంతా ఆటిజం ఉన్నవాళ్ళు నేర్చుకోవాల్సిన పాఠం అని మీతో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డేమియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక పరిశోధకుడు ఉన్నారు, ఆయనా ఆటిస్టికే. మనకి వాళ్ళు అర్థం కానట్టే వాళ్ళకీ మనం అర్థం కావడం లేదు, లోటు ఒక్కవైపే లేదు అని 2012లో రాశారు. అది చదివిన రాత్రి నేను ఏడ్చాను. నా మాట వాళ్ళకి గుచ్చుకుందని అందరూ చెప్పారు. వాళ్ళు ఎత్తిపొడిస్తే నేను మెచ్చుకోలు అనుకుని థాంక్స్ చెప్పానని, అది తెలిశాక వారం రోజులు అన్నం సయించలేదని ఎవరూ అడగలేదు.

తర్వాత ఏడాది నేను చేసిన పని మీరు చెయ్యకండి. మిగతావాళ్ళు రాసేవి చూసి ‘అద్భుతం అండి’, ‘సూపర్ సార్’, దండం బొమ్మ, ఇవన్నీ ఒకచోట దాచుకుని, ఎవరు ఫొటో పెట్టినా అందులోంచి ఒకటి తీసి పెట్టేదాన్ని. గొడవలు ఆగిపోయాయి. పక్షుల మీద మాత్రం మనసు చచ్చిపోయింది. ఫోన్ మోగితే కడుపులో తిప్పేది. అప్పుడే బయటికి వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళడానికి కారణం టెక్కలి వైపు ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు. గ్రూపులో ఎందుకు కనిపించడం లేదని మెసేజ్ పెట్టారు, ఫోన్ చెయ్యలేదు. ఆయన ఒక్కరికే చెప్పాను, నాకు ఆటిజం ఉందని. చెప్పి ఊరుకోలేదు, ఏం కావాలో కూడా రాశాను. నా మాట ఎవరికైనా గుచ్చుకుంటే ఆ రోజే, నాకు విడిగా, డొంకతిరుగుడు లేకుండా చెప్పండి అన్నాను. ముందు చెప్పకుండా ఫోన్ చెయ్యొద్దన్నాను. నాకు ‘ఆటిజం’ అన్న మాట కంటే ఈ రెండు కోరికలే ఎక్కువ పనికొచ్చాయి. ఆ మాట వింటే ఎవరికి వాళ్ళు ఏదో ఊహించుకుంటారు, చాలామందికి మాటలు రాని పసిపిల్లలే కళ్ళ ముందు కదులుతారు. ఏం చెయ్యాలో చెప్తే మాత్రం చేసేవాళ్ళు ఉన్నారు.

ఒకసారి ఒకాయన లకుముకి పిట్ట ఫొటో పెట్టి దానికి వేరే పేరు రాశారు. నేను మర్యాదగానే దిద్దాను. పది నిమిషాల్లో మాస్టారి మెసేజ్: ‘అమ్మా, ఆయన భార్య ఆస్పత్రిలో ఉంది. ఇవాళ ఆయనకి పిట్ట పేరు అక్కర్లేదు, ఎవరైనా పలకరిస్తే చాలు.’ అది నాకెలా తెలుస్తుంది మాస్టారూ అని అడిగాను. ‘తెలీదు. అందుకే చెప్తున్నాను’ అన్నారు. నన్ను తప్పు పట్టకుండా జవాబు ఇచ్చిన మొదటి మనిషి ఆయన.

ఇక గ్రూపు మొత్తానికి చెప్పడం. రెండేళ్ళ తర్వాత చెప్పాను. చాలామంది మంచిగానే తీసుకున్నారు. కానీ నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఒక వలస బాతు లెక్క ఎవరో సున్నా ఎక్కువ వేసి పెట్టారు, నేను ఎత్తి చూపించాను. ‘పోనీలెండి, ఆవిడకి ఆటిజం కదా, పట్టించుకోకండి’ అని ఒకరు రాశారు. ప్రేమతోనే రాశారు, నాకు తెలుసు. కానీ ఆ లెక్క ఎవరూ మళ్ళీ చూడలేదు. అంతకుముందు నా మాట పొగరుగా కనిపించేది, ఇప్పుడు జబ్బుగా కనిపించింది. మాటలో నిజం ఉందా అని చూసేవాళ్ళు రెండుసార్లూ లేరు. నాకు మొదటిదాని కంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది. అందుకే అందరికీ ఒకేసారి చెప్పడానికి తొందరపడకండి. సర్టిఫికెట్ చూపించాలా అని కూడా అడిగారు. వికలాంగుల హక్కుల 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఆ కాగితం చదువుకీ ఉద్యోగానికీ తీసుకుని పెట్టుకోండి. పిట్టల గ్రూపులో దాని అవసరం లేదు.

వదిలేయాలా అన్నదానికి నేను చూసే గుర్తు ఒకటే. మీరు చెప్పింది ఒక్కసారైనా, ఒక్కరైనా పుస్తకం తీసి సరిచూశారా? చూసి ఉంటే ఉండండి. రెండేళ్ళలో ఎవరూ చూడకపోతే ఆ గ్రూపు పక్షుల కోసం లేదు. చూసిన పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మీ లెక్కలు మీరు ఎక్కించుకోండి. అక్కడ ఏ పిట్ట, ఎన్ని, ఎప్పుడు, ఎక్కడ అనే అడుగుతారు, ‘అండి’ పెట్టావా అని అడగరు.

నా గ్రూపులో ఒకరు చూశారు. ఆ బాతుల సున్నా గురించి మాస్టారే మూడు రోజులకి మళ్ళీ అడిగారు, ఆ ఫొటో పెద్దది చేసి ఇద్దరం చెరో పక్క నుంచి లెక్కపెట్టాం. తర్వాతి చలికాలం నుంచి తేలినీలాపురంలో గూళ్ళు లెక్కపెట్టే పని నాకు ఇచ్చారు. చెట్టుని కళ్ళతోనే నాలుగు ముక్కలు చేసుకుంటాను, ఒక్కో ముక్క రెండుసార్లు లెక్కపెడతాను, రెండూ కలవకపోతే మూడోసారి. కింద చేపల కంపు, ఆకుల మీద సున్నం చల్లినట్టు తెల్లటి రెట్ట. పెద్ద గూడబాతులు అరవవు, గోలంతా పిల్లలదే. తల్లి వచ్చి వాలగానే పిల్ల దాని నోటి సంచిలోకి మెడ దాకా తల దూర్చేస్తుంది, తినడం అయ్యేదాకా తల్లి కదలదు. మిషన్ల మోత భరించలేక ఫ్యాక్టరీలో చెవుల్లో దూది పెట్టుకునే నాకు ఆ గోల ఏమీ అనిపించదు. ఎందుకో నేను చెప్పలేను.

మీరు రావాలనుకుంటే జనవరిలో రండి, అప్పటికి గూళ్ళలో పిల్లలు కనిపిస్తాయి. ఆదివారం వద్దు, జనం ఎక్కువ. బొబ్బిలి నుంచి టెక్కలి చేరుకుంటే అక్కడి నుంచి ఆటోలో వెళ్ళొచ్చు. తెల్లారేసరికి చెట్ల దగ్గర ఉండేలా చూసుకోండి, ఎండ ఎక్కితే కళ్ళు లాగుతాయి. నేను అక్కడుంటే పలకరించాలని ఏమీ లేదు. రెండో నోటుపుస్తకం తెస్తాను, ఆ పక్క చెట్టు మీరు లెక్కపెట్టండి.