మిల్లులో ఇనుప ప్లాట్‌ఫాం ఊగుతుంటే సెన్సార్ల సిస్టం కొనాలా?

జడ్చర్ల దగ్గర మీ రైస్ మిల్లులో బ్లోవర్ పెట్టిన ఇనుప ప్లాట్‌ఫాం విపరీతంగా ఊగుతోందని, సెన్సార్లతో నడిచే యాక్టివ్ కంట్రోల్ పెడితే తగ్గుతుందా అని అడిగారు. అన్నా, ఇప్పుడే కొనకండి. నేను మిర్యాలగూడ మిల్లుల్లో మెయింటెనెన్స్ చేస్తాను, ఇదే తిప్పలు పడ్డాను.

మా ప్లాట్‌ఫాం మీద చాయ్ గ్లాసు పెడితే పది నిమిషాల్లో జరుగుతూ జరుగుతూ అంచుదాకా వచ్చేది. ఒక కాలి మొదట్లో వెల్డింగ్ వెంట్రుకంత చీలింది. బరువు పెడితే కదలదు కదా అని 50 కిలోల ఇసుక బస్తాలు ఆరు ఎక్కించాం. ఊపు ఇంకా పెరిగింది!

ఎందుకో తర్వాత తెలిసింది. బ్లోవర్ ఫ్యాన్ నిమిషానికి 900 చుట్లు, అంటే సెకనుకు 15. బస్తాలు దించి, ఫ్యాన్ ఆపి, కాలిని చెక్క సుత్తితో కొట్టి ఫోన్‌లో వైబ్రేషన్ యాప్ చూస్తే ప్లాట్‌ఫాం సొంత ఊపు, అంటే కొట్టి వదిలితే తనంతట తాను ఊగేది, సెకనుకు 17 సార్లు. ఫ్యాన్, మోటారుతో కలిపి దాని బరువు సుమారు టన్ను. పైన ఇంకో 300 కిలోలు పడేసరికి 17 కాస్తా 15కు దిగి, ఫ్యాన్ వేగంతో కలిసిపోయింది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ తోసినట్టే.

ఫ్యాన్ విప్పితే రెక్కలకు తౌడు ఒకపక్కే అట్టకట్టి ఉంది. గీకి, బ్యాలెన్స్ చేయించాం. సగం ఊపు అక్కడే పోయింది. తర్వాత ప్లాట్‌ఫాం బిగిసి సొంత ఊపు వేగం పెరగాలని కాళ్ల మధ్య యాంగిళ్లు (L ఆకారపు ఇనుప కమ్మీలు) గుణకారం గుర్తులా వెల్డ్ చేశాం. మోటారు 1440 ఆర్‌పీఎం, అంటే సెకనుకు 24. సొంత ఊపు వేగం పెంచబోయి దాని దగ్గర ఆగితే మళ్లీ అదే గోల. అందుకే 30 దాటించాం. 17 నుంచి 30కి పోవాలంటే బిగువు మూడింతలకు పైగా పెరగాలి, కాబట్టి సన్న యాంగిళ్లతో సరిపెట్టకండి.

యాక్టివ్ కంట్రోల్ గొప్ప విద్యే. 1989లో టోక్యోలో 11 అంతస్తుల భవనం మీద పెట్టారు. భవనం ఊగినప్పుడు యంత్రాలు పైనున్న బరువును కదిలించి ఆ ఊపును అణుస్తాయి. గాలిని, భూకంపాన్ని మనం ఆపలేం కాబట్టి అక్కడ అది కావాలి. మన ఫ్యాన్‌ను ఆపి బాగుచేసుకోవచ్చు కదా. పైగా కరెంటు పోతే ఆ సిస్టం పనిచేయదు, ఆలస్యంగా స్పందిస్తే ఊపును పెంచుతుంది కూడా. తైవాన్‌లోని తైపే 101 ఆకాశహర్మ్యంలో ఊపు తగ్గించడానికి వేలాడదీసిన 660 టన్నుల గోళానికైతే కరెంటే అక్కర్లేదు.

వెల్డింగ్‌లో చీలిక కనిపిస్తే మాత్రం ఈ రాత్రి షిఫ్టు నడపకండి. ఫ్యాన్ స్పీడు, యాప్‌లో వచ్చిన అంకె, కాళ్ల ఎత్తు ఇక్కడ రాయండి, ఎక్కడ యాంగిల్ పడాలో చూద్దాం.