ఇంజనీరింగ్ చదివేవాడికి ఎత్నిక్ స్టడీస్ ఎందుకు?

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి అమెరికాలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ ఒకదానిలో కంప్యూటర్ సైన్స్ బీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వచ్చే సెమిస్టర్‌లో ‘ఎత్నిక్ స్టడీస్’ కోర్సు తీసుకోక తప్పదంటున్నాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, వివక్ష... ఇవన్నీ పాఠాలుగా చెబుతారట. లోన్ తీసి పంపింది ఇందుకా అని మా వారికి కోపం. ఈ రాజకీయాల్లో ఇరుక్కుంటే వీసాకి ఏమవుతుందోనని నాకు టెన్షన్. తేలిగ్గా మార్కులొచ్చే క్లాసు చూసుకుని ఎలాగో అయిందనిపించమని చెప్పాం. మీరేమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు వీసా సంగతి తేల్చేద్దాం. ఇది మీ బాబు సరదాకి ఎంచుకున్న క్లాసు కాదు. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఏబీ 1460 అనే చట్టం వచ్చింది. శాన్ డియాగో స్టేట్‌లో ఏళ్ల తరబడి ఆఫ్రికానా స్టడీస్ (ఆఫ్రికా మూలాలవారి చరిత్ర, సంస్కృతి) బోధించి, తర్వాత శాసనసభకు వెళ్లిన షిర్లీ వెబర్ పెట్టిన బిల్లు అది. దాని ప్రకారం 2021 నుంచి ఆ యూనివర్సిటీలో బ్యాచిలర్స్‌లో చేరేవాళ్లు ఎత్నిక్ స్టడీస్‌లో 3 యూనిట్ల కోర్సు పూర్తి చేస్తేనే పట్టా. డిగ్రీకి మొత్తం 120 యూనిట్లు, అందులో ఇవి 3. డిగ్రీకి పెట్టిన పాఠం చదవడం వీసా నిబంధనలకు విరుద్ధం కాదు. ఇంకేదైనా సందేహముంటే క్యాంపస్‌లో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది, అక్కడ అడగమనండి. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవి నమ్మొద్దు. మన పిల్లలు ఎక్కువమంది ఎమ్మెస్‌కే వెళ్తారు, వాళ్లకి ఈ నియమం లేదు. మీ చుట్టుపక్కల ఎవరికీ ఈ కోర్సు గురించి తెలియకపోవడానికి అదే కారణం కావచ్చు.

‘ఎలాగో అయిందనిపించు’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండని గట్టిగా అడుగుతున్నాను.

నేను అమెరికాకు హెచ్-4 మీద, అంటే అక్కడ ఉద్యోగం చేసేవారి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద వచ్చాను. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఆసియన్ అమెరికన్ల చరిత్ర క్లాసులో చేరాను. నా పక్కన కూర్చునే ఫిలిపినో నర్సు ఆస్పత్రి నుంచి నేరుగా యూనిఫాంలోనే వచ్చేది. వాళ్ల తాత స్టాక్‌టన్ దగ్గర పొలాల్లో కూలి చేసేవాడట. 1965లో డెలానో ద్రాక్షతోటల్లో సమ్మె మొదలుపెట్టింది లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలోని ఫిలిపినో కూలీలని, సీజర్ చావెజ్ వెంట మెక్సికన్ కూలీలు తర్వాత వచ్చి కలిశారని ఆమె చెబితేనే నాకు తెలిసింది.

భగత్ సింగ్ థింద్ పేరు కూడా ఆ క్లాసులోనే విన్నాను. పంజాబ్ నుంచి వచ్చిన సిక్కు ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. బయటి నుంచి వచ్చినవారిలో తెల్లవారికీ, ఆఫ్రికా మూలాలున్నవారికీ తప్ప మరొకరికి పౌరసత్వం ఇవ్వని రోజులవి. థింద్ తరఫున కోర్టులో ఏమని వాదించారో మీ వారికి చదివి వినిపించండి. ఈయన అగ్రకులంవాడు, ఆర్య సంతతి, కింది కులాలతో సంబంధం కలుపుకోని జాతి, కాబట్టి తెల్లవాడికిందే లెక్క అని. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. అంతకు మూడు నెలల ముందు టకావో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో అదే కోర్టు తెల్లవాడంటే కాకేసియన్ (అప్పటి శాస్త్రం ఒక జాతికి పెట్టిన పేరు) అని చెప్పింది. తీరా థింద్ నేనూ కాకేసియన్నే అనేసరికి, శాస్త్రం సంగతి మాకెందుకు, మామూలు జనం దృష్టిలో ఇతను తెల్లవాడు కాడు అంది. ఎవరు ఏ జాతో ప్రకృతి నిర్ణయించలేదు, కోర్టులూ చట్టాలూ తమ అవసరాన్ని బట్టి గీతలు గీశాయి. ఆ గీతలు ఎవరు, ఎప్పుడు, ఎందుకు గీశారో చదవడమే ఈ కోర్సు.

ఆ తీర్పు చూపించి, అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల నుంచి కూడా దాన్ని లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునే వైష్ణో దాస్ బగాయ్ వారిలో ఒకరు. ఆ బాధతో 1928లో ప్రాణం తీసుకున్నారు. భార్య కళా బగాయ్ ముగ్గురు కొడుకులతో నిలదొక్కుకున్నారు. అంతకుముందు ఆ కుటుంబం బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామానుతో వెళ్తే, ఇరుగుపొరుగు వాళ్లు లోపలికి అడుగుపెట్టనివ్వలేదు. ఇప్పుడు అదే బర్క్‌లీలో ఒక వీధికి ఆమె పేరు పెట్టారు.

థింద్ పాఠం రోజున, కులం అంటే ఏమిటో క్లాసుకి చెప్పమని ప్రొఫెసర్ నన్నడిగారు. మా ఊళ్లో రెండు బావులుండేవని చెప్పాను. “మీరు ఏ బావి నీళ్లు తాగేవారు?” అని అడిగింది నర్సు. ఊళ్లో బావి అన్నాను. వాడలో వాళ్లు దాని దగ్గరికి రాకూడదని కూడా చెప్పాను. ఆ గంటసేపు అందరూ అడుగుతూనే ఉన్నారు. మన పిల్లలు ఈ చరిత్రని కేవలం బాధితులుగా చదవరు, చదవకూడదు కూడా. మీ బాబు చదివే యూనివర్సిటీ 2022 జనవరిలో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. ఆ అవసరం ఎందుకొచ్చిందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

మీ వారి కోపానికి ఇంకో జవాబుంది. 1917 చట్టంతో భారతీయులు అమెరికాకు వలస రాకుండా తలుపు మూసేశారు. 1946లో కాస్త తెరిచారు, అదీ ఏడాదికి 100 మందికి. పూర్తిగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. బస్సుల్లో, హోటళ్లలో సమానంగా కూర్చునే హక్కు కోసం నల్లజాతివారు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి 1964లో పౌరహక్కుల చట్టం సాధించారు. జాతిని బట్టి మనుషుల్ని వేరుచేయడం తప్పన్న మాటకు అలా బలం వచ్చాకే, మరుసటేడు వలసలకు దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పద్ధతి పోయింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల డాక్టర్లు వరసకట్టి అమెరికా వెళ్లింది ఆ తర్వాతే. ఆ రుణం సంగతి మన సంఘాల సభల్లో ఎవరూ ఎత్తరు. నాకు చాలా బాధగా ఉంటుంది.

ఈ కోర్సులు కూడా ఎవరూ ఊరికే ఇచ్చినవి కావు. మీ బాబు చదివే యూనివర్సిటీకే చెందిన శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ క్యాంపస్‌లో 1968 నవంబరు 6న సమ్మె మొదలైంది. నల్లజాతి విద్యార్థులు ముందు నిలబడితే చైనా, జపాన్, ఫిలిప్పీన్స్, మెక్సికో మూలాల పిల్లలు కలిశారు. పోలీసులు క్యాంపస్‌లోకి వచ్చి వందలమందిని అరెస్టు చేశారు. సమ్మెను అణచడానికి విద్యార్థుల మైకుల లారీ ఎక్కి వైర్లు పీకేసిన ఆ క్యాంపస్ తాత్కాలిక అధ్యక్షుడు హయకావా కూడా జపాన్ మూలాలవాడే, కాబట్టి రంగుని బట్టి మనుషుల పక్షం లెక్కేసుకోవద్దని బాబుకి చెప్పండి. 1969 మార్చిలో సమ్మె ముగిసింది, అదే ఏడు అక్కడ ఎత్నిక్ స్టడీస్ కాలేజీ పుట్టింది. 1969 జనవరిలో తెలంగాణ రక్షణల కోసం మీ ఖమ్మంలో విద్యార్థి దీక్షకు కూర్చున్న రోజులు కూడా ఇవే.

చదువుంటే, మంచి ఉద్యోగముంటే ఇవేవీ మనకి అంటవనుకుంటాం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో కాల్పులకు బలైన కూచిభొట్ల శ్రీనివాస్ హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరే. చంపినవాడు ఆయన్ని ఇరాన్ వాడనుకున్నాడు. అడ్డుపడి తూటా తిన్న ఇయాన్ గ్రిలో తెల్లజాతి యువకుడు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. అక్కడ తనని ఎవరు ఎలా చూస్తారో, అలా ఎందుకు చూస్తారో బాబుకి తెలియాలి.

అన్ని క్లాసులూ బాగుంటాయని అనను. వారానికో పోస్టు రాయించుకుని గ్రేడు ఇచ్చేసేవి కూడా ఉన్నాయి. రిజిస్ట్రేషన్‌కి ముందే సిలబస్ తెప్పించుకుని చూడమనండి. కోర్టు తీర్పులు, ఆనాటి ఉత్తరాలు, మనుషులు స్వయంగా చెప్పుకున్న అనుభవాలు చదివిస్తుంటే అది మంచి క్లాసు. టీచరు అభిప్రాయాలు వినడమే పనైతే ఇంకోటి చూసుకోమనండి. ఆదివాసులు, నల్లజాతివారు, ఆసియన్లు, లాటిన్ మూలాలవారు – ఈ నాలుగింటిలో ఏదైనా తీసుకోవచ్చు. నన్నడిగితే నల్లజాతివారి చరిత్రే తీసుకోమంటాను. మన గురించి ఎలాగూ తర్వాతైనా చదువుకుంటాడు.

చాలా క్లాసుల్లో ఇంటి పెద్దలతో మాట్లాడి రాసే పని ఇస్తారు. మీ ఇంట్లో 1969 నాటి సంగతులు గుర్తున్నవాళ్లుంటే ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడించి, ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. తెలుగులోనే ఉండనివ్వండి, ఇంగ్లిష్‌లోకి బాబు రాసుకుంటాడు.