గుడారాల రాజధానిలో ప్రేమకథ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సరదాగా సాగే చారిత్రక ప్రేమకథ ఒకటి రాయాలనుకుంటున్నాను. నాయిక పట్నంలో చదువుకున్న అమ్మాయి, నాయకుడు మా కర్నూలు వైపు పల్లెటూరి రైతు. వీరిద్దరూ ఎదురుపడడానికి నమ్మదగిన కాలమేది? (ఒక పాఠకురాలు, నంద్యాల)

జవాబు: మీరు నవాబుల కాలం దాకా వెళ్లనక్కరలేదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు, అంటే కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లనే తీసుకోండి. పట్నం పిల్లను పల్లె వైపు రప్పించడానికి ఇటువంటి కథల్లో రచయితలు దూరపు బంధువుల పెళ్లినో, దారిలో మొరాయించిన మోటారునో ఆశ్రయిస్తుంటారు. మీకు ఆ తిప్పలు లేవు. మద్రాసు నుంచి ప్రభుత్వమే దస్త్రాలతో, గుమాస్తాలతో, వారి కుటుంబాలతో సహా తరలివచ్చింది. చాలినన్ని భవనాలు లేనందున గుడారాల్లోనే కచేరీలు (ప్రభుత్వ కార్యాలయాలు) నడిచాయి, గుడారాల్లోనే కాపురాలు వెలిశాయి.

నాయిక తండ్రిని సచివాలయంలో గుమాస్తాను చేయండి. ఆమె క్వీన్ మేరీస్ కళాశాలలో చదివి ఉండవచ్చు. మద్రాసులో ట్రాములు ఆగిపోయింది 1953 ఏప్రిల్‌లోనే కనుక, ఆ గంటల మోత చెవుల్లో ఉండగానే ఆమె గుంతకల్లులో రైలు మారి, ద్రోణాచలం మీదుగా మీటరు గేజి బండిలో కర్నూలుకు చేరుతుంది. నాయకుడికి సుంకేసుల దిగువన కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పొలం ఉందనుకుంటే, గుడారాల వాడకు అతడు ఎద్దుల బండి మీద కట్టెలో తడికలో తోలుకురావడంలో వింతేమీ ఉండదు. పరిచయం బేరం దగ్గరే మొదలుకానివ్వండి. కొత్త పైసలు 1957 ఏప్రిల్‌లో గాని రాలేదు కాబట్టి లెక్కంతా రూపాయికి 16 అణాల చొప్పునే సాగాలి. బి.ఏ. చదివిన అమ్మాయి కాగితం వెతుక్కునే లోపల అతడు నోటిలెక్కతో మొత్తం తేల్చేస్తే, పాఠకుడికి నవ్వూ వస్తుంది, అతడి మీద గౌరవమూ కలుగుతుంది.

ఈ గౌరవం గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను. పల్లెటూరి మనిషి మాటను, పంచెకట్టును చూపి నవ్వించే కథలు మనకు ఇప్పటికే ఎక్కువయ్యాయి. మీ కథలో నవ్వు ఇద్దరి తెలియనితనం నుంచీ పుట్టాలి. వేసవిలో గుడారం కింద ఎట్లా నిద్రపోవాలో, చెప్పులు తొడుక్కునే ముందు తేలు కోసం ఎందుకు దులపాలో ఆమెకు తెలియదు. ఇంగ్లీషులో వచ్చిన ప్రభుత్వ నోటీసులో ఏముందో అతడికి తెలియదు. ఆమె దాన్ని చదివి చెబుతుంది, అతడి జేజి (నాయనమ్మ) ఆమెకు జొన్నరొట్టె తట్టడం నేర్పుతుంది. మొదటి రొట్టె చేతికి అతుక్కుని, రెండవది పెనం మీద విరిగి, మూడవదాన్ని జేజి ఊరిబిండి పచ్చడితో తిని “ఇంగ పర్వాలేదులేమ్మీ” అన్నప్పుడు, ఆ ఇంట ఆమెకు చోటు దొరికిందని మీరు వేరే రాయనక్కరలేదు.

ప్రశ్న: నాయకుడి మాటలు కర్నూలు యాసలో రాస్తే మిగతా జిల్లాల వారికి అర్థమవుతాయా? (ఒక పాఠకుడు, ఆదోని)

జవాబు: నిస్సంకోచంగా రాయండి. “యాడికి పోతాండావు” అన్న మాట సందర్భాన్ని బట్టి ఎవరికైనా తెలుస్తుంది. నవాబుల పాలన 1839లో ముగిసినా కర్నూలు బజారులో ఉర్దూ నిలిచే ఉంది. మీ ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడివడి వచ్చింది కూడా 1953లోనే. కనుక నాయకుడికి ఆదోని స్నేహితుడొకడు ఉంటే అతడి నోట కన్నడం కూడా దొర్లవచ్చు.

ప్రశ్న: రాయలసీమ కథ అనగానే కక్షలు, కత్తులు. అవి లేకుండా ప్రేమకు అడ్డంకి ఎట్లా తేవాలి? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: ఆ మూడేళ్ల చరిత్రలోనే అడ్డంకి ఉంది. 1954 నవంబరులో మద్యనిషేధం విషయమై ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయినప్పుడు, గుడారాల వాడలో ప్రతి తండ్రీ తన కచేరీ ఏమవుతుందోనని కలవరపడి ఉంటాడు. ఆ కలవరంలో పెళ్లిమాట వాయిదా పడుతుంది. తరువాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, 1956 నవంబరు 1 నుంచి రాజధాని హైదరాబాదు అవుతుంది. అంటే నాయిక తండ్రి మళ్లీ పెట్టె సర్దుకోవలసిందే. కులాలు వేరైతే చట్టం అడ్డు రాదు, 1949 నాటి చట్టం హిందువుల్లో కులాంతర వివాహాలకు చెల్లుబాటు కల్పించింది. ఒప్పించవలసింది పెద్దలను మాత్రమే, అందుకు జేజిని మించిన రాయబారి మీకు దొరకదు. అయితే కర్నూలులో నిలవాలా, హైదరాబాదు బండి ఎక్కాలా అన్న నిర్ణయాన్ని జేజికో తండ్రికో విడిచిపెట్టకండి, నాయికనే తీసుకోనివ్వండి.